‘గంతకు తగ్గ బొంత’: పెళ్ళి బొంతకు ఈ పేరు పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. బొంతలు కుడతాను. ఈ గుంపులో ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు ఒక మాట దగ్గర చిక్కుపడ్డాను, పెద్దల సాయం కావాలి.

మాఘమాసంలో మా మేనకోడలి పెళ్ళి. దానికి నేనిచ్చే కానుక బొంత. మా వైపు నుంచి మా అమ్మ మంగళగిరి చీరలు, మా తమ్ముడి పాత చొక్కాలు తీసుకున్నాను. అబ్బాయి వాళ్ళది గుంటూరు. వాళ్ళ నాన్నగారి పంచెలు, నాయనమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ గళ్ళ చీర అడిగి తెచ్చుకున్నాను. అన్నీ ఉతికి, గంజి వదిలించి, పట్టీలుగా కత్తిరించాను. ప్రతి గడికీ మధ్యలో అమ్మ చీరలోంచి మిరపపండు రంగు చదరం, రెండంగుళాలది. దాని చుట్టూ అంగుళం పట్టీలు ఐదు వరసలు. గడి పూర్తయ్యేసరికి పన్నెండంగుళాలు వస్తుంది. అలాంటివి అడ్డంగా ఆరు, నిలువుగా ఏడు, మొత్తం 42 గళ్ళు. గడికి ఇరవై పట్టీల చొప్పున 840 పట్టీలు. ప్రతి గడిలో రెండు పక్కలు తెలుపు, అంటే పంచెలు. మిగతా రెండు పక్కలు ముదురు, మా వాళ్ళ బట్టలు, ఆ గళ్ళ చీర.

ఈ డిజైన్ అమెరికా వాళ్ళది. లాగ్ క్యాబిన్ అంటారు, దుంగలతో కట్టిన ఇల్లు అని. మధ్య ఎర్ర చదరాన్ని ఆ ఇంట్లో మండే పొయ్యి అని చెప్పుకుంటారు. అలబామాలో జీస్ బెండ్ అని ఒక ఊరుంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. చదరం చుట్టూ చదరం వచ్చే డిజైన్‌ని వాళ్ళు హౌస్‌టాప్ అంటారు, ఇంటి కప్పు. ఎవరు చూసినా ఇందులో ఇల్లే కనిపించిందన్నమాట. నాకూ ఇల్లే కనిపించింది, అయితే అది మండువా ఇల్లు. నడిమధ్య ఆకాశం కనిపించే చదరం, దాని చుట్టూ నాలుగు వసారాలు, వాటి వెనక గదులు. అందుకని ఈ డిజైన్‌ని నేను మండువా అనే పిలుస్తాను. మనం చూడని దుంగల ఇంటి పేరు మన గుడ్డకెందుకు? అమెరికాలోనే ఒకచోట ఎలుగుబంటి పాదం అన్న డిజైన్‌ని ఇంకోచోట బురదలో బాతు కాలు అన్నారు. చూసేవాళ్ళ కళ్ళ ముందు ఏదుంటే ఆ పేరు.

మండువా డిజైన్ పేరు. ఈ ఒక్క బొంతకి దాని సొంత పేరు ఉండాలి కదా. పిల్లలకి పెట్టినట్టు నేను కుట్టే ప్రతిదానికీ పేరు పెడతాను. దీనికి ‘గంతకు తగ్గ బొంత’ అనుకున్నాను. ఇద్దరూ ఒకరికొకరు తగినవాళ్ళు, పైగా ఇది నిజంగానే బొంత. ఇంట్లో చెప్పగానే మా మరదలి ముఖం చిన్నబోయింది. “అదేం మాట వదినా, పిల్లనీ పిల్లాణ్ణీ వెక్కిరించినట్టు లేదూ?” అంది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నాకు తెలియాల్సింది ఏమిటంటే, ఇది ఎప్పుడూ వెక్కిరింతేనా? అది గంతా, కంతా? ఈ పేరు కాదంటే మీరేం పెడతారు?

బ్రాడీపేట, గుంటూరు నుంచి ఒక మాస్టారు

అమ్మా, మంచి ప్రశ్న వేశారు. రెండు రూపాలూ జనం నోట ఉన్నాయి. గంత అంటే బరువు మోసే పశువు వీపు ఒరుసుకుపోకుండా వేసే మెత్త. ఆ మెత్తకు తగ్గట్టే దానిమీద బొంత ఉంటుంది. ఇప్పుడు గాడిదల మీద బరువులు మోయించడం మన వైపు అంతగా కనపడదు, ఆ అర్థంలో గంత అన్న మాట ఈ సామెతలో తప్ప పెద్దగా వినపడదు. అర్థం తెలియని మాటను నోరు తెలిసిన మాటవైపు తిప్పుకుంటుంది. అలా కంత అనేవాళ్ళు వచ్చారు. కంత అంటే చిల్లు. చిల్లుకు తగ్గ అతుకు అని వాళ్ళకి చక్కగా అర్థమైపోతుంది. నేను గంత వైపే ఉంటాను, ఎందుకంటే పశువు మీద వేసే రెండు వస్తువుల జత అక్కడ సహజంగా కుదురుతుంది.

ఇక వెక్కిరింత సంగతి. సామెతలో ప్రాణం గంతలోనూ లేదు, బొంతలోనూ లేదు, ‘తగ్గ’ అన్నదాంట్లో ఉంది. తగు, తగిన, తగ్గ. ‘తగిన సంబంధం’ అంటే ఎంత గౌరవంగా ఉంటుందో చూడండి. కానీ అదే ‘తగ్గ’ని గాడిద వీపు మీది గుడ్డల పక్కన పెట్టేసరికి గౌరవం పోయింది. వాడుకలో ఈ సామెత ఇద్దరూ ఇద్దరే అని తీసిపారెయ్యడానికే వస్తోంది. మాటకి మూలార్థం ఎంత మంచిదైనా పెళ్ళిపందిట్లో వినేవాళ్ళు మూలార్థం వినరు. మీ మరదలిగారి చెవి సరిగ్గానే విన్నది.

బొంతను సంస్కృతంలో కంథ అంటారు. భజగోవిందంలో ‘రథ్యాచర్పటవిరచితకంథః’ అని వస్తుంది. రథ్య అంటే వీధి, చర్పటం అంటే చింకిగుడ్డ. వీధిలో పడున్న పేలికలతో కుట్టిన కంథ కప్పుకున్న యోగి అని. బెంగాల్‌లో పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టేదాన్ని ఇప్పటికీ కాంథా అనే అంటారు. యోగి కంథలో ఉన్నవి ఎవరివో తెలియని గుడ్డలు. మీ బొంతలో ప్రతి ముక్కా ఎవరిదో మీకు తెలుసు. ఆ తేడా నాకు చాలా పెద్దదనిపిస్తోంది.

తెనాలి నుంచి

అక్కా, ‘కొంగుముడి’ అని పెట్టండి. పెళ్ళిలో ముడివేసేదీ గుడ్డకి గుడ్డే కదా.

విజయవాడ నుంచి ఒక విద్యార్థి

మాస్టారూ, బొంతకాకి, బొంతజెముడు, బొంత అరటికాయ, వీటిలో ఉన్నది కూడా ఈ బొంతేనా? ఇంకో సందేహం. పేపర్లలో నాలుగైదు పార్టీలు కలిసిన ప్రభుత్వాన్ని ‘అతుకుల బొంత’ అని రాస్తారు. అంటే బొంత అన్న మాటలోనే కొంచెం తక్కువతనం ఉన్నట్టా?

మాస్టారు

బాబూ, రూపం ఒకటైనంత మాత్రాన చుట్టరికం ఉందనుకోకూడదు, ఆధారం కావాలి. గొంగళి పురుగు విషయం స్పష్టం, దాని ఒంటిమీది నూగు గొంగళిలా ఉంటుంది. బొంతకాకి దగ్గర అంత స్పష్టత లేదు. రెండోదానికి బొంతలు కుట్టే అమ్మగారే జవాబు చెప్పాలి.

మొదటి పోస్టు రాసినావిడ

బాబూ, నువ్వడిగింది నా మనసులో ఎప్పటినుంచో ఉన్నదే. అతుకుల బొంత అని తిట్టేవాళ్ళెవరూ బొంత కుట్టి ఉండరు. కలగూరగంప అంటే ఒప్పుకుంటాను, అందులో ఏది దొరికితే అది పడేస్తారు, ఎత్తి కుదిపితే పైది కిందికి పోతుంది. బొంతలో అలా కుదరదు. వాడిపోయిన పాత చీర పక్కన గట్టి కొత్త గుడ్డ వేస్తే రెండో ఉతుక్కే కొత్తది పాతదాన్ని చింపేస్తుంది. టెర్లిన్ చొక్కా పక్కన నూలు వేస్తే ముడుచుకుపోతుంది. ప్రతి పట్టీకీ కుట్టులోకి పోవడానికి రెండు పక్కలా పావంగుళం వదలాలి, అంటే అంగుళం పట్టీ కావాలంటే ఒకటిన్నర కత్తిరించాలి. ఆ పావంగుళంలో నూలుపోగంత తేడా వస్తే పది కుట్లు దాటేసరికి గడి వంకరవుతుంది. ఇరవై పట్టీలు ఒకదానికొకటి సర్దుకుంటేనే గడి చదరంగా నిలుస్తుంది. అతుకు పడ్డచోట గుడ్డ రెండు మడతలవుతుంది. బొంతలో ముందు చిరిగేది మధ్య గుడ్డే, అతుకు కాదు.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. అమ్మ చీర ముప్ఫై ఏళ్ళు ఉతికింది కదా, ఇంకా రంగేం పోతుందని ధీమాగా ఉన్నాను. తడి తెల్లగుడ్డతో రుద్ది చూడకుండానే మొదటి గడి కుట్టి ఉతికాను. ఎరుపు దిగి పక్కనున్న పంచె పట్టీ గులాబీరంగయింది. ఆ సాయంత్రం ఏడ్చాను, అవి వియ్యంకుడిగారి పంచెలు. ఆ గడిని తీసెయ్యలేదు, పై వరసలో ఎడమ చివర ఉంచాను.

పేర్ల విషయంలో కూడా మన చీరల అంగళ్ళని మించిన బడి లేదు. వన్‌టౌన్ వస్త్రలతలో ఒక గంట కూర్చుంటే చాలు. నెమలికంఠం, చిలకపచ్చ, వంగపండు, ఉల్లిపొర, కనకాంబరం, మెంతిరంగు. రంగుకి నంబరు చెప్పరు, కళ్ళకి కట్టే వస్తువు పేరు చెబుతారు. కిందటేడు కుట్టిన దానికి ‘ఉల్లిపొర’ అనే పెట్టాను, పలచని గులాబీలన్నీ పొరలు పొరలుగా వచ్చాయి. పసిపిల్ల కోసం కుట్టినదానికి ‘పొత్తిళ్ళు’ అని పెట్టాను.

హుబ్బళ్ళి నుంచి, పుట్టిల్లు విజయవాడ

పిన్నిగారూ, మా వైపు ఇవే కౌదులు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలని, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి ఉన్నారు. వాళ్ళ బొంతల్ని కవందులంటారు. వాళ్ళు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు, మీ మండువాకి సరిగ్గా తిరగేసి. చివరికి నాలుగు మూలలా గుడ్డని మడిచి చిన్న చిన్న త్రికోణాలు పెడతారు, వాటిని ఫులా అంటారు, పువ్వులు. అవి లేకపోతే కవంది ఒంటిమీద బట్టలేనట్టే అని వాళ్ళ మాట.

బందరు నుంచి

మాదీ గుడ్డల ఊరే కాబట్టి ఒక్క మాట. మా పెద్దవాళ్ళు అద్దకం గుడ్డని చీటిగుడ్డ అనేవారు. ఇంగ్లీషు వాళ్ళ ‘చింట్జ్’ కూడా ఆ ఇంటి మాటే. మచిలీపట్నం రేవు నుంచి మంచాల మీద పరిచే అద్దకం గుడ్డలు ఇంగ్లండుకు పోయేవి, వాటిని పాలంపోర్ అన్నారు, పలంగ్‌పోష్ అన్న మాట నుంచి. అక్కడి ఆడవాళ్ళు మన దేశపు చీటిగుడ్డల్లోని పువ్వుల్నీ పిట్టల్నీ కత్తిరించి, సాదా గుడ్డ మీద అతికి తమ బొంతలు చేసుకున్నారు. ఇవాళ మీరు అమెరికా వాళ్ళ డిజైన్ తీసుకుని మంగళగిరి గుడ్డతో కుడుతున్నారు. వినడానికి ఎంతో బాగుంది.

మంగళగిరి నుంచి ఒక పెద్దాయన

అమ్మాయీ, కొంగుముడి మంచి మాటే, కాదనను. కానీ నువ్వు రాసింది మళ్ళీ చదువు. ఆ బొంతలో పెళ్ళికూతురి గుడ్డ లేదు, పెళ్ళికొడుకు గుడ్డ లేదు. అమ్మాయి నాయనమ్మ, నాన్న, అబ్బాయి నాన్న, నాయనమ్మ. ఉన్నవాళ్ళంతా పెద్దవాళ్ళు. కొంగుముడి ఆ ఇద్దరిది. రెండిళ్ళ మధ్య ఉన్నదాన్ని మనం వియ్యం అంటాం. ‘కయ్యానికైనా వియ్యానికైనా సమానత్వం ఉండాలి’ అన్నారు. నీ గంతా బొంతా సామెత చెప్పేది కూడా అదే, ఒకదానికొకటి తగి ఉండడం. వియ్యం అన్న మాటలో అయితే వెక్కిరింత లేదు. వియ్యం అని పెట్టు.

తెనాలి నుంచి

బాబాయిగారి మాటే మాట. నా కొంగుముడి వెనక్కి తీసుకుంటున్నా.

మొదటి పోస్టు రాసినావిడ

బాబాయిగారూ, చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 840 పట్టీలు నా చేత్తో కత్తిరించాను, ఇందులో పిల్లల గుడ్డ ఒక్కటీ లేదన్న సంగతి మీరు చెప్పేవరకూ నాకు తట్టలేదు. వియ్యం. మా మరదలికి ఫోన్ చేసి చెప్పాను. ఒక్క క్షణం ఆగి, “పిల్ల అత్తగారికి కూడా చెప్పనా వదినా?” అంది, చెప్పింది. ఇద్దరికీ నచ్చింది.

మాస్టారూ, మీరు చెప్పింది కూడా ఒప్పుకున్నాను. ఆ సామెత నా నోట్లో మంచిదే, వేరే చెవిలో పడితే మంచిది కాదు. దాన్ని నా సూదులపెట్టె మూత లోపల రాసిపెట్టుకున్నాను.

హుబ్బళ్ళి అమ్మాయీ, ఆ మూలల పువ్వుల సంగతి విన్నాక ఒక పని చేశాను. పాతబట్టలు పెళ్ళికెలా ఇస్తావని మా పెద్దత్తయ్య ముందే బాధపడ్డారు. అందుకని చుట్టూ పైపింగ్‌కి కొత్త మంగళగిరి గుడ్డ కొన్నాను. కొత్తబట్టకి మనం పసుపు పెడతాం కదా, అలాగే నాలుగు మూలలా పసుపు పెట్టాను. అడుగు గుడ్డ మీద, గులాబీరంగు దిగిన గడికి సరిగ్గా వెనక, ఎర్ర దారంతో ‘వియ్యం’ అని కుడుతున్నాను. ఇప్పటికి ‘వి’ అయింది. య వత్తు ఒంపు దగ్గర దారం రెండుసార్లు విప్పాల్సి వచ్చింది. గుడ్డ మీద ఒత్తులు చక్కగా తిప్పడం తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.