కారు వేడికి ఊలు కుక్కపిల్ల మూతి జారిపోతోంది, ఎలా బిగించాలి?

మాది ఒంగోలు. మా తమ్ముడి కారు డాష్‌బోర్డు మీదకని యాక్రిలిక్ ఊలుతో పాంపాంలు (గుండ్రటి కుచ్చు బంతులు) చుట్టి చిన్న కుక్కపిల్ల బొమ్మ చేశాను. ఒళ్ళు 6 సెంటీమీటర్లు, తల 4, మూతికి 2 సెంటీమీటర్ల తెల్ల పాంపాం, చెవులకు ఫెల్ట్ గుడ్డ. తోకలో పైప్ క్లీనర్ (నూగు చుట్టిన వంగే తీగ) పెట్టాను, అది మాత్రం భేషుగ్గా ఉంది.

తంటా అంతా మూతితోనే. జిగురు కడ్డీని కరిగించే గ్లూ గన్‌తో అంటిస్తే ఇంట్లో గట్టిగానే ఉంటోంది. అద్దాలు మూసి కారు ఎండలో పెడితే మధ్యాహ్నానికల్లా జిగురు మెత్తబడి మూతి గడ్డం కిందికి జారుతోంది. మన ఎండల సంగతి తెలిసిందేగా! లాగి చూస్తే జిగురుకి పైపై పోగులే అంటుకుని ఊడి వస్తున్నాయి, లోపలి ముడి దాకా అది దిగడం లేదు. సూపర్ గ్లూ వేస్తే చుట్టూ ఊలు పుల్లల్లా బిగుసుకుపోయి తెల్లమచ్చ పడింది. తెల్ల జిగురు రాత్రంతా ఆరబెట్టినా పట్టలేదు. సూదీదారంతో కుడితే, బిగించినప్పుడు మూతి లోపలికి గుంటపడి పిల్లి మొహం వస్తోంది, వదులు చేస్తే ఊగుతోంది.

ఊలు బొమ్మలు చేసే అలవాటున్నవాళ్ళు చెప్పండి: ఆకారం చెడకుండా, కారు వేడికి ఊడకుండా ఈ మూతిని తలకు దేనితో, ఎలా బిగించాలి?