సాబాలో పొద్దున డైవింగ్, మధ్యాహ్నం కొండ: ఒకే రోజు కుదురుతుందా?

నీలికడలి: కరీబియన్‌లోని సెయింట్ మార్టిన్ నుంచి సాబా దీవికి వెళ్తున్నాం. సెలవు తక్కువ. పొద్దున రెండు డైవ్‌లు చేసి, మధ్యాహ్నం అక్కడి కొండ మౌంట్ సీనరీ ఎక్కేద్దామని ప్లాన్. మావాళ్లలో ఒకరు వద్దంటున్నారు, ఇంకొకరు ఏం కాదంటున్నారు. మీరేమంటారు?

కొండగాలి: ఏం కాదండీ. దీవి మొత్తం 13 చదరపు కిలోమీటర్లు. డైవర్లు చాలామంది బస చేసేది విండ్‌వర్డ్‌సైడ్ ఊళ్లోనే, అదే సుమారు 400 మీటర్ల ఎత్తున ఉంది. రోజూ డైవ్ చేసి అక్కడికే వెళ్లి పడుకుంటున్నారు కదా! శిఖరం అక్కణ్నుంచి ఇంకో నాలుగైదు వందల మీటర్లే. అంత దూరం వెళ్లి మధ్యాహ్నాలు గదిలో కూర్చుంటారా?

సాగరతీరం: కొండగాలి గారూ, ఆ నాలుగైదు వందల మీటర్ల దగ్గరే ఉంది చిక్కంతా. డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ, డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి ఎంతసేపు ఆగాలో చెప్పే సూచనలు 600 మీటర్ల ఎత్తు నుంచే వర్తిస్తాయి. ఊరు దానికి కింద, సుమారు 870 మీటర్ల శిఖరం దానికి పైన. ఒకే డైవ్ అయితే కనీసం 12 గంటలు, రెండు మూడు డైవ్‌లైతే 18 గంటలు ఆగాలి.

పైగా సాబా పేరు చెబితే డైవర్లకు గుర్తొచ్చేవి థర్డ్ ఎన్‌కౌంటర్ లాంటి సముద్రం లోపలి శిఖరాలు. వాటి తల మీదికి చేరాలన్నా దాదాపు 30 మీటర్లు దిగాలి. అంత లోతులో ఒంట్లోకి నైట్రోజన్ త్వరగా చేరుతుంది. అది మెల్లగా బయటికి పోవాల్సిన టైంలో మీరు పాచి పట్టిన వెయ్యికి పైగా మెట్లు రొప్పుతూ ఎక్కుతుంటారు. ఎత్తు ఒక పక్క, శ్రమ ఇంకో పక్క. కీళ్ల నొప్పి మొదలైతే అది మెట్ల వల్లా, బెండ్స్ (ఒంట్లోని నైట్రోజన్ బుడగలై తెచ్చే జబ్బు) వల్లా అన్నది మీకే తెలీదు. పెద్ద ఆసుపత్రి కావాలంటే దీవి దాటాలి. దయచేసి ఆ ప్లాన్ మానేసి, వచ్చిన రోజే, డైవ్‌లకు ముందే కొండెక్కేయండి.

కొండగాలి: 600 మీటర్ల సంగతి నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ సముద్రం మన టైంటేబుల్ వినదు. వచ్చిన రోజే కొండెక్కమంటారు, ఆ రోజు పైన మబ్బు కమ్మితే?

సాగరతీరం: అప్పుడూ దారి ఉంది. మధ్యాహ్నం 12 కల్లా నీళ్లలోంచి బయటపడితే, మర్నాడు పొద్దున 6కి 18 గంటలు నిండుతాయి. 7కి బయల్దేరి నిదానంగా ఎక్కండి. ఆ రోజు ఇక డైవ్ పెట్టుకోకండి. అయినా మబ్బు పట్టినంత మాత్రాన కొండ వృథా కాదు. పైనున్నదే మబ్బు అడవి, నాచు తొడుక్కున్న చెట్లూ ఫెర్న్‌లూ తడిగా ఉన్నప్పుడే చూడాలి.

నీలికడలి: మరి డైవ్ రోజు సాయంత్రం తీరం నుంచి పైకెళ్లే లాడర్ రాతిమెట్లు? అవి అంత ఎత్తుకు పోవుగా.

సాగరతీరం: ఎత్తు పర్వాలేదు, శ్రమే ఎక్కువ. సుమారు 800 మెట్లవి. డైవ్ లేని రోజుకు ఉంచుకోండి. ఆఖరి రోజు కూడా డైవ్ వద్దు, సెయింట్ మార్టిన్‌లో జెట్ ఎక్కాలిగా. సాబాలో 400 మీటర్ల రన్‌వే ఉన్న బుల్లి ఎయిర్‌పోర్టు పక్కనే, ఫ్లాట్ పాయింట్‌లో అలల గుంటలున్నాయి. గట్టి బూట్లు వేసుకుని ఆ పూట అక్కడ గడపండి.

నీలికడలి: సరేనండీ. మొదటి రోజు కొండ, మధ్యలో డైవ్‌లు, ఆఖరి రోజు ఫ్లాట్ పాయింట్. మావాళ్లకు ఇదే చూపిస్తా.