అమ్మోనియా ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్: లీకైతే మొదట ఎవరు ఏం చేయాలి?

సూళ్లూరుపేట లోకల్:

అందరికీ నమస్కారం. చెన్నైకి ఉత్తరాన, గుమ్మిడిపూండి దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో అమ్మోనియాతో నడిచే రిఫ్రిజిరేషన్ చూస్తాను. సూళ్లూరుపేట నుంచి రైల్లో వచ్చి పోతుంటాను. ఈమధ్యే నైట్ షిఫ్ట్ నాకు అప్పజెప్పారు. రాత్రిపూట ప్లాంట్ రూమ్‌లో నేనూ, ఒక ఆపరేటరూ, అంతే. గోడకు అవతల రొయ్యల పొట్టు తీసే పీలింగ్ హాల్. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు కలిపి వందమందికి పైనే ఉంటారు.

మొన్న ఆయిల్ పాట్ (కంప్రెసర్ ఆయిల్ చేరే డబ్బా) నుంచి ఆయిల్ దించుతుంటే మొదట ఏమీ రాలేదు. ఆపరేటర్ వాల్వ్ ఇంకాస్త తిప్పాడు. ఉన్నట్టుండి బుస్సుమని గ్యాస్ వచ్చేసింది. ఎలాగో మూసేశాడు. కళ్లు మండటం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. కానీ హాల్లో వాళ్లంతా ఏప్రాన్లు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెయిన్ గేటు వైపు పరిగెత్తారు. గాలి కూడా అటే కొడుతోంది. అసెంబ్లీ పాయింట్ (ప్రమాదమప్పుడు అందరూ చేరాల్సిన చోటు) బోర్డు ఉన్నది అక్కడే మరి, వాళ్ల తప్పేముంది? పొద్దున మేనేజర్ గారికి చెబితే "వాసన వచ్చింది, పోయింది కదా" అన్నారు.

ఆ రాత్రి నుంచి నాకు మనసు కుదుటపడటం లేదు. ఆయిల్ దించే సరైన పద్ధతి ఏమిటి? లీకైతే నీళ్లు కొట్టాలా వద్దా? ఒకరు కొట్టమంటారు, ఇంకొకరు వద్దంటారు. జనాన్ని ఎప్పుడు పంపాలి, ఎటు పంపాలి? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

ఎన్నూరు కుప్పం:

మాది ఎన్నూరు. 2023 డిసెంబర్ 26 రాత్రి పన్నెండు కావస్తుండగా, ఓడల నుంచి ఫ్యాక్టరీకి అమ్మోనియా తెచ్చే సముద్రంలోని పైపు లీకైంది. పెరియకుప్పం జనం పసిపిల్లల్ని ఎత్తుకుని రోడ్డున పడ్డారు. ఊపిరాడక ఎంతోమంది ఆసుపత్రుల్లో చేరారు. తర్వాత కాలుష్య నియంత్రణ మండలి కొలిస్తే, లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటకూడని అమ్మోనియా సముద్రపు నీటిలో 49 ఉంది. ఎటు వెళ్లాలో చెప్పే మనిషి లేక ఎవరికి తోచిన దిక్కుకు వాళ్లు పోయాం. తమ్ముడూ, మీ గోడ పక్క ఇళ్లవాళ్ల ఫోన్ నంబర్లు మీ గేటు సెక్యూరిటీ దగ్గర ఉన్నాయా? అది కూడా చూడు.

మణలి పాత ఆపరేటర్:

బాబూ, నేను మణలిలో అమ్మోనియాతోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఊరు నెల్లూరు. నువ్వడిగిన వాటిలో ఆయిల్ సంగతి ముందు చెబుతాను. ఐస్ ప్లాంట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో మనుషుల ప్రాణం మీదికి తెచ్చే పనుల్లో అదొకటి.

ఆయిల్ అమ్మోనియా ద్రవం కంటే బరువు, అందుకే అడుగున చేరుతుంది. చల్లటి పాట్‌లో అది చిక్కబడి పైపులో అడ్డం పడుతుంది. నువ్వు వాల్వ్ తిప్పుతావు, ఏమీ రాదు. ఇంకా తిప్పుతావు. ఆ ముద్ద కదలగానే వెనకున్న అమ్మోనియా ద్రవం బార్లా తెరిచిన వాల్వ్‌లోంచి ఒక్కసారిగా తన్నుకొస్తుంది. నువ్వు రాసినదాన్ని బట్టి మీ దగ్గర జరిగింది ఇదేననిపిస్తోంది. వాల్వ్ తిప్పినా ఏమీ రాకపోతే వెంటనే మూసెయ్యాలి.

ఆయిల్ దించే ముందు పాట్‌ను సిస్టమ్ నుంచి వేరు చెయ్యి. సక్షన్ లైన్ (కంప్రెసర్ గ్యాస్‌ను లాగే పైపు) ఒక్కటే తెరిచి ఉంచి, లోపలి అమ్మోనియాను కంప్రెసర్ లాగేసేదాకా ఆగు. పాట్ మీది మంచు కరగాలి, దాని చెమట ఆరాలి, గేజి ముల్లు మళ్లీ పైకి పాకకుండా నిలబడాలి. గంట పడితే పడనీ. అప్పుడు సక్షన్ కూడా మూసి, మాస్క్ తగిలించుకుని దించు. హ్యాండ్ వాల్వ్ తర్వాత స్ప్రింగ్ వాల్వ్ ఉండి తీరాలి, చెయ్యి వదిలితే దానంతటదే మూసుకునే రకం. కొన్నిచోట్ల దాన్ని తెరిచి ఉంచడానికి తీగ కట్టేస్తారు. అలాంటి తీగ కనబడితే అక్కడికక్కడే కోసి పారెయ్. ఆయిల్ నల్లగా ధార కడుతున్నంతసేపు పర్వాలేదు. నురగెత్తి, చిటపటమంటూ చిమ్మడం మొదలైందా, వెనక అమ్మోనియా ఉందన్నమాట, చెయ్యి వదిలెయ్. పనిచేసేవాడు కాక పక్కన ఇంకొకడు నిలబడి ఉండాలి. అసలు హాల్ నిండా జనం ఉండగా రాత్రిపూట ఆ పని ఎందుకు పెట్టుకున్నారు? పగలు, మెయింటెనెన్స్ వాళ్లు ఉన్నప్పుడు చేయించు.

నీళ్ల విషయంలో నీకు చెప్పినవాళ్లిద్దరిదీ సగం నిజం. గాలిలో ఉన్న అమ్మోనియాను నీళ్లు బాగా పీల్చుకుంటాయి. కాబట్టి గ్యాస్ పోయే దారిలో తెరలాగా సన్నటి తుంపర కొట్టాలి. కింద మడుగు కట్టిన ద్రవం మీద మాత్రం చుక్క పడకూడదు. అది మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగే పదార్థం, మన పంపు నీళ్లు తగిలితే పొయ్యి మీద పెట్టినట్టే లేస్తుంది. కొట్టిన నీళ్లు కాలువలోకి పోకుండా ఇసుక మూటలు అడ్డం వేయించు, లేకపోతే చెరువులో చేపలు చస్తాయి.

అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుందిలే అని ధీమాగా ఉండొద్దు. ద్రవంగా బయటపడితే తెల్లటి మంచులా నేలబారున పాకుతుంది, మన తీరంలోని తేమ గాలిలో మరీనూ. ఇక్కడ మధ్యాహ్నం దాటాక గాలి సముద్రం నుంచి వీస్తుంది, రాత్రిళ్లు చాలాసార్లు నేల మీది నుంచి తిరుగుతుంది. ఒకే ఒక్క అసెంబ్లీ పాయింట్ పెట్టుకుని రెండు షిఫ్టులూ ఎలా నడుపుతారు? ఎదురెదురు దిక్కుల్లో రెండు పెట్టించు. గాలి దిక్కు చూపే విండ్ సాక్ మీద లైటు పడాలి. జనం గాలికి ఎదురు వెళ్లాలి. అలా వెళ్తే లీకు మీదికే పోయేలా ఉంటే, గాలికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి.

ఎప్పుడు పంపాలో ముక్కు చెప్పదు. 5 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో ఐదు) దగ్గరే చాలామందికి వాసన తెలుస్తుంది. కానీ రోజూ అందులోనే ఉండేవాడి ముక్కు మొద్దుబారిపోతుంది. ఎనిమిది గంటల పనికి హద్దు 25. 300 అంటే ప్రాణానికే ముప్పు. డిటెక్టర్ 25కి మోగేలా పెట్టి, అది మోగితే హాల్ ఖాళీ చేయించు. ఎవరినీ అడగక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరికి 12 మంది పోయారు. సైరన్ ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రాసింది. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మీ ఆపరేటర్‌కి, స్వీపర్‌కి, సెక్యూరిటీకి, ఎవరికైనా సరే, సైరన్ బటన్ నొక్కే అధికారం ఉందని గోడ మీద రాయించు.

అంబత్తూరు నర్స్:

పెద్దాయన చెప్పినవాటికి నావైపు నుంచి కొన్ని. నేను ఫ్యాక్టరీ వైద్య కేంద్రంలో పనిచేస్తున్నాను.

కళ్లలో పడితే ఆ క్షణం నుంచే నీళ్లతో కడగాలి, తక్కువలో తక్కువ పదిహేను నిమిషాలు. అంబులెన్స్ కోసం ఆగొద్దు. నిమ్మరసం, వెనిగర్ లాంటివి దగ్గరికి రానీయొద్దు. మీ ఐ వాష్ (కళ్లు కడిగే కుళాయి) తిప్పి చూడండి, మొదట ఎర్రటి తుప్పు నీళ్లు రావొచ్చు. వారానికొకసారి వదలాలి. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు కాలిపోతుంటాయి, షవర్ కింద ఎవరూ నిలబడలేరు. ఆ ట్యాంకుకు నీడ కట్టించండి.

ఇంకొకటి, దీన్ని దాదాపు ఎవరూ ఆలోచించరు. అమ్మోనియాతో తడిసిన బట్టలు వెంటనే తీసేయాలి. మీ హాల్లో ఉన్నది ఆడవాళ్లు. షవర్ చుట్టూ తెర, పక్కన ఉతికిన నైటీలు లేకపోతే ఎవరు విప్పుతారు తమ్ముడూ? చర్మం కాలుతున్నా అలాగే నిలబడతారు. బట్ట చర్మానికి అంటుకుపోతే లాగొద్దు, నీళ్లతో నానబెట్టి వదిలించాలి. గట్టిగా పీల్చినవాళ్లు "బాగానే ఉన్నాను" అన్నా ఇంటికి పంపొద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతుంది.

సూళ్లూరుపేట లోకల్:

బాబాయ్ గారూ, అక్కా, చాలా చాలా థాంక్స్. మా స్ప్రింగ్ వాల్వ్‌కి తీగ కట్టే ఉంది, ఇందాకే తీసేశాను. రెండు సందేహాలు. హాల్ ఖాళీ చేయించే డ్రిల్ పెడితే ప్రొడక్షన్ పోతుందని పైవాళ్లు ఒప్పుకోరు. మైకులో చెప్పేదేమో తమిళంలో, ఒడియా కుర్రాళ్లకు అర్థం కాదు. ఇంకా, లీకైనప్పుడు మేమిద్దరం మాస్క్ వేసుకుని లోపలికి వెళ్లి వాల్వ్ మూయొచ్చా?

మణలి పాత ఆపరేటర్:

వెళ్లొద్దు. క్యానిస్టర్ మాస్క్ (గాలిని వడగట్టే డబ్బా ఉన్న మాస్క్) బయటపడటానికే పనికొస్తుంది, పెద్ద లీకులోకి పోవడానికి కాదు. వీపున కట్టుకునే ఆరు లీటర్ల గాలి సిలిండర్‌లో 300 బార్ ఉంటే 1800 లీటర్లు. కష్టపడి పనిచేస్తే అరగంటకు కాస్త అటూ ఇటూ. ద్రవం చిమ్ముతుంటే ఒళ్లంతా కప్పే గ్యాస్ సూట్ కూడా కావాలి. ఇద్దరు లోపలికి వెళ్తే, అదే సరంజామాతో బయట ఇంకో ఇద్దరు సిద్ధంగా ఉండాలి. మీరున్నదే ఇద్దరు. బయటి నుంచి కంప్రెసర్లు ఆపండి, సైరన్ కొట్టండి, 101కి, 108కి ఫోన్ చేయండి. అమ్మోనియా అని పేరు చెప్పి, గాలిని బట్టి ఏ గేటు నుంచి రావాలో కూడా చెప్పండి.

డ్రిల్ షిఫ్ట్ మారే వేళ పెట్టు, రెండు షిఫ్టుల జనం ఎలాగూ అక్కడే ఉంటారు. కాంట్రాక్టర్ హాజరు పుస్తకం పట్టుకుని తలలు లెక్కపెట్టండి. ఒడియా కుర్రాళ్లలో చురుకైనవాణ్ణి ఒకణ్ణి ఎంచుకో, వాళ్ల భాషలో వాడే రికార్డ్ చేసి ఇస్తాడు. పైవాళ్లు మొండికేస్తే కాగితం మీద రాసివ్వు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ముంచుకొచ్చే ప్రమాదం గురించి కార్మికుడే మేనేజర్‌కీ, ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పొచ్చని 41-హెచ్ సెక్షన్ చేర్చారు.

ఇవాళ డ్యూటీ ఎక్కగానే రిసీవర్ (అమ్మోనియా ద్రవం నిల్వ ఉండే ట్యాంకు) కింద కింగ్ వాల్వ్, అంటే అక్కడి నుంచి ద్రవం బయటికి పోయే ప్రధాన వాల్వ్, ఎక్కడుందో చూడు. దాన్ని గది బయటి నుంచి మూసే వీలుందా? లేకపోతే ఫోటో పెట్టు, అక్కడ ఏం బిగించాలో చెబుతాను.