ఎనర్జీ సేవింగ్ ఆర్‌యాప్‌కి వాన హెచ్చరికలు, ఈవెంట్ క్యాలెండర్ కలపాలి: నేరుగా పిలవొచ్చా?

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్

నాన్-ఆర్‌టీ రిక్ (మొబైల్ నెట్‌వర్క్‌ని పైనుంచి నియంత్రించే సాఫ్ట్‌వేర్) మీద మా ఎనర్జీ సేవింగ్ ఆర్‌యాప్ (దానిమీద నడిచే అప్లికేషన్) రాత్రి 12 నుంచి 5 దాకా లోడ్ తగ్గిన కెపాసిటీ సెల్స్‌ని, అంటే రద్దీ కోసం అదనంగా పెట్టిన మొబైల్ సెల్స్‌ని, నిద్రపుచ్చుతుంది. దానికి రెండు బయటి సర్వీసులు కలపాలి: వాన హెచ్చరికలు, ఈవెంట్ క్యాలెండర్ (ఉప్పల్ మ్యాచ్‌లు, హుస్సేన్‌సాగర్ నిమజ్జనం వగైరా). ప్రస్తుతం ఆర్‌యాప్ కోడ్‌లోంచే రెస్ట్ కాల్స్ (హెచ్‌టీటీపీ రిక్వెస్టులు) పెడుతున్నాం. మూడు తలనొప్పులు: ప్రాక్సీ (బయటికి వెళ్లే కాల్స్‌కి మధ్యవర్తి సర్వర్) పెట్టగానే ఆర్1 (ఆర్‌యాప్‌కీ రిక్‌కీ మధ్య ఇంటర్‌ఫేస్) కాల్స్ ఫెయిలవుతున్నాయి, ఏ వాన హెచ్చరికా ఏ సెల్‌కీ మ్యాచ్ కావట్లేదు, 429 (కాల్స్ మితిమీరాయనే ఎర్రర్) వచ్చినప్పుడల్లా ఆర్‌యాప్ మొత్తం ఆగిపోతోంది. దారే తప్పా, సరిచేస్తే నడుస్తుందా?

ఓపెన్‌రాన్_మావయ్య

దారే మార్చండి. ఆర్‌యాప్‌కి బయటి సర్వీస్ అడ్రస్ తెలియనే కూడదు. మధ్యలో చిన్న అడాప్టర్ రాసి, దాన్ని డేటా ప్రొడ్యూసర్‌గా రిజిస్టర్ చేయండి. ఆర్‌యాప్ ఆర్1 మీద డేటా జాబ్ పెట్టుకుంటే చాలు. రేపు సర్వీస్ కంపెనీ మారినా అడాప్టరే మారుతుంది.

ఓ-రాన్ ఎస్‌సీ (ఓ-రాన్ సాఫ్ట్‌వేర్ కమ్యూనిటీ) కోడ్ వాడుతుంటే ఇన్ఫర్మేషన్ కోఆర్డినేటర్ సర్వీస్ ఈ పనికే ఉంది. ప్రొడ్యూసర్ రెండు యూఆర్‌ఎల్స్ ఇవ్వాలి: జాబ్ కాల్‌బ్యాక్ ఒకటి, ఆరోగ్యం చూసే సూపర్‌విజన్ ఒకటి. చాలామంది జారేది ఈ రెండో దాంట్లోనే. బయటి సర్వీస్ పడిపోతే సూపర్‌విజన్ కాల్‌కి ఎర్రర్ ఇస్తారు, దాంతో ప్రొడ్యూసరే జాబితాలోంచి పోతుంది. అడాప్టర్ బతికుంటే 200 (అంతా బాగుందనే జవాబు) ఇవ్వండి. డేటా పాతబడిన సంగతి డేటాలోనే చెప్పండి.

429 సంగతి: ఒక్కో సెల్‌కి ఒక్కో కాల్ పెడుతున్నారేమో చూడండి. 400 సెల్స్, 5 నిమిషాలకోసారి అంటే రోజుకి 1,15,200 కాల్స్. ఊరు మొత్తానికి ఒకే కాల్ చేసి మ్యాపింగ్ మీ దగ్గరే చేస్తే 288. రిట్రై-ఆఫ్టర్ హెడర్ చదవండి, అది చెప్పినంతసేపు మళ్లీ తట్టకండి.

పాడ్‌లో_పాము

ప్రాక్సీ గొడవ సింపుల్ అన్నా. నో-ప్రాక్సీ జాబితాలో డాట్ ఎస్‌వీసీ, డాట్ క్లస్టర్ డాట్ లోకల్ (క్లస్టర్ లోపలి సర్వీసుల పేర్ల చివరి భాగాలు) లేకపోతే లోపలి ఆర్1 కాల్ కూడా ప్రాక్సీకే పోతది, దానికి ఆ పేరు తెల్వదు. అడాప్టర్ జావాలో ఉంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని అది పట్టించుకోదు, జేవీఎం ఆప్షన్లలోనే ప్రాక్సీ ఇయ్యాలె. కంపెనీ ప్రాక్సీ టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) విప్పి చూసే రకమైతే దాని సీఏ సర్టిఫికెట్ జావా ట్రస్ట్‌స్టోర్‌లో విడిగా వేయాలె.

ఇంకోటి: మామూలు కుబర్నెటీస్ (కంటైనర్లు నడిపే వ్యవస్థ) నెట్‌వర్క్ పాలసీ బయటి సర్వీసులకి ఐపీలనే చూస్తది, డొమైన్ పేర్లను కాదు. సీడీఎన్ (ఐపీలు మారుతుండే పంపిణీ సర్వర్లు) వెనకున్న సర్వీస్‌కి ఐపీ వైట్‌లిస్ట్ చేస్తే ఇయ్యాల నడుస్తది, రేపు ఆగుతది.

మ్యాప్_మేస్త్రి

హెచ్చరికలు కాప్ (హెచ్చరికలకి వాడే ప్రామాణిక) ఫార్మాట్‌లోనా వస్తున్నాయి? కాప్ పాలిగాన్‌లో (ప్రాంతం సరిహద్దు గీతలో) అక్షాంశం ముందు, జియోజేసన్‌లో (మ్యాప్ డేటా ఫార్మాట్‌లో) రేఖాంశం ముందు. తిప్పకుండా దించేస్తే 17.4, 78.5 కాస్తా 78.5, 17.4 అవుతుంది. అది ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్! మీ సెల్స్ అక్కడ దొరకవు కదండీ.

పాలిగాన్ తప్పనిసరి కాదు, ఒక్కోసారి జిల్లా పేరే వస్తుంది. "హైదరాబాద్" అని వెతికితే గచ్చిబౌలి చిక్కదు, అది రంగారెడ్డి జిల్లా. ఉప్పల్ స్టేడియం మేడ్చల్-మల్కాజిగిరి. ప్రతి సైట్‌కీ జిల్లా కాలమ్ పెట్టుకోండి. అప్‌డేట్, క్యాన్సిల్ మెసేజ్‌లు కూడా ప్రాసెస్ చేయాలి, లేకపోతే రద్దయిన హెచ్చరిక గడువు దాకా బతికే ఉంటుంది.

క్యాలెండర్‌లో టైమ్ జోన్ చూడండి. ఆఫ్‌సెట్ లేకుండా 18:00 అని వస్తే, యూటీసీలో నడిచే పాడ్ (మీ ప్రోగ్రామ్ ఉండే కంటైనర్) దాన్ని మన 23:30 అనుకుంటుంది. తేదీ మాత్రమే ఇచ్చే క్యాలెండర్ ఇంకా ప్రమాదం: నిమజ్జనం మర్నాడు పొద్దున దాకా సాగుతుంది, మీ ఆర్‌యాప్ మాత్రం 12 కొట్టగానే ట్యాంక్‌బండ్ సెల్స్‌ని పడుకోబెడుతుంది.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్

మేస్త్రి గారూ, పాలిగాన్ తిరగబడే ఉంది, దొరికింది. నో-ప్రాక్సీలో డాట్ ఎస్‌వీసీ కూడా లేదు. మరి బయటి డేటా ఆగిపోతే సెల్స్‌ని నిద్రపుచ్చాలా, మేల్కొనే ఉంచాలా?

ఓపెన్‌రాన్_మావయ్య

మేల్కొనే ఉంచండి. కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుంది, అంతే. ప్రతి రికార్డుకీ గడువు రాయండి: వాన హెచ్చరికకి దాని ఎక్స్‌పైర్స్ సమయం, ఫీడ్‌కి మూడు పోలింగ్ విరామాలు. అది దాటితే కొత్తగా ఏ సెల్‌నీ నిద్రపుచ్చొద్దు. పడుకున్నవాటిని లేపేటప్పుడు అన్నీ ఒక్కసారే కాకుండా విడతలుగా లేపండి. డివైస్ నెట్‌కాన్ఫ్ (సెట్టింగులు మార్చే ప్రోటోకాల్) కన్ఫర్మ్‌డ్ కమిట్ కేపబిలిటీ చూపిస్తే నిద్ర కమాండ్ దాంతోనే పంపండి. ఖరారు రాకపోతే డిఫాల్ట్‌గా 600 సెకన్లకి పాత స్థితికి వస్తుంది. బయటి సర్వీస్‌కి మాత్రం ఓ1 (సెల్స్ సెట్టింగులు మార్చే ఇంటర్‌ఫేస్) మీద రాసే హక్కు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి.

వాన గురించి నా మాట వేరు. 3.5 గిగాహెర్ట్జ్ సెల్‌కి వానతో పెద్ద నష్టం లేదు. దెబ్బ తినేది 70/80 గిగాహెర్ట్జ్ ఈ-బ్యాండ్ బ్యాక్‌హాల్ (సైట్‌ని నెట్‌వర్క్‌కి కలిపే రేడియో లింకు). పక్క సైట్ లింకు పడితే ఆ లోడ్ మోయాల్సిన సెల్ నిద్రలో ఉండకూడదు, మీకు కావలసిన సమాచారం అంతే. దానికి జిల్లా స్థాయి హెచ్చరిక కంటే ఆ లింకు రిసీవ్ లెవెల్ (అందే సిగ్నల్ బలం), మాడ్యులేషన్ దిగడం (లింకు వేగం తగ్గించుకోవడం) నమ్మదగ్గ గుర్తులు. అవి మీ ట్రాన్స్‌పోర్ట్ టీమ్ దగ్గర ఇప్పటికే ఉంటాయి, ముందు వాళ్లని అడగండి.