థైరాయిడ్ మాత్ర, సికిల్ కార్డు: కెనడా మెడికల్‌లో చెప్పాలా, దాచాలా?

గుణుపురం అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా వారికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (చదువు, అనుభవం చూసి కెనడాకి పిలిచే దారి) ఇన్విటేషన్ వచ్చింది, ఆయనతోపాటు నేనూ మా ఆరేళ్ల పాపా కూడా పీఆర్‌కి, అంటే అక్కడ శాశ్వతంగా ఉండటానికి వెళ్తున్నాం. ఇప్పుడు మెడికల్ చేయించుకోవాలి, నా టెన్షన్ అంతా అక్కడే. పాప పుట్టినప్పటి నుంచి నాకు థైరాయిడ్ ఉంది, రోజూ పరగడుపున 50 ఎంసీజీ మాత్ర ఒకటి వేసుకుంటాను, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) నార్మల్‌గానే వస్తోంది. అది కాక ఆ మధ్య సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు) క్యాంపులో రక్తం తీసి, ట్రెయిట్ ఉందని కార్డు చేతిలో పెట్టారు. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, ఇంట్లో ఇద్దరి పని చేస్తాను (మా అత్తగారు ఒప్పుకోరు, అది వేరే సంగతి).

బరంపురంలో ఒక కన్సల్టెంట్‌ని కలిస్తే, థైరాయిడ్ అని నోరెత్తొద్దు, వారం ముందే మాత్ర ఆపేయండి, సికిల్ కార్డు బీరువాలో పెట్టి తాళం వేయండి, ఒక్కసారి అన్‌ఫిట్ పడితే జన్మలో ఇంకే దేశమూ రానివ్వదు అన్నాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వీటికి నిజంగా ఆపేస్తారా? దాస్తే తెలిసిపోతుందా? ఎవరైనా వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఇంకో చిన్న విషయం, మా వారికి ఇంజినీరింగ్ చదివేటప్పుడు టీబీ వచ్చి పూర్తిగా తగ్గిపోయింది. దాన్ని ఎవరూ అడగరనే అనుకుంటున్నాను.

రాయగడ ల్యాబక్క:

ముందు ఆ మాత్ర ఆపకు చెల్లీ. నేను రాయగడలో ల్యాబ్‌లో పనిచేసి, ఇదే దారిలో ఒంటారియో వచ్చినదాన్ని, నాకూ థైరాయిడే. ప్యానెల్ డాక్టర్ (ఈ మెడికల్ చేయడానికి కెనడా వాళ్లు ఒప్పుకున్న డాక్టర్) ఏం మందులు వాడుతున్నావని అడిగారు, స్ట్రిప్ తీసి చూపించాను, పేరు, డోసు రాసుకున్నారు, అక్కడితో సరి. మాత్ర ఆపేస్తే నీ టీఎస్‌హెచ్ పెరుగుతుంది, నీరసం వస్తుంది, కంట్రోల్లో ఉన్నదాన్ని చేజేతులా చెడగొట్టుకోవడం తప్ప ఏం లాభం?

కెనడా వాళ్లు చూసేది మూడే. నీ జబ్బు ఇంకొకరికి అంటుతుందా, నీ వల్ల జనం భద్రతకు ముప్పుందా, నువ్వు వెళ్లాక వాళ్ల సర్కారీ వైద్యం మీద మరీ ఎక్కువ ఖర్చు పడుతుందా. ఈ మూడోదానికి ఏటా ఒక లెక్క కడతారు, 2025లో అది ఏడాదికి 27,162 డాలర్లు. రోజుకో థైరాయిడ్ మాత్ర, అప్పుడప్పుడూ ఒక రక్తపరీక్ష ఆ లెక్కలో ఏ మూలకూ రావు. డయాలిసిస్ చేయించుకునేవాళ్లు, నెలనెలా ఖరీదైన ఇంజెక్షన్లు వాడేవాళ్లు కంగారుపడాల్సిన అంకె అది, నువ్వు కాదు.

సికిల్ ట్రెయిట్ అసలు జబ్బే కాదు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గరి నుంచే ఆ జీన్ వస్తే ట్రెయిట్, ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. మన రాయగడ, కొరాపుట్ వైపు ఇది బాగా ఉంది, 2023లో జాతీయ మిషన్ మొదలయ్యాక 40 ఏళ్ల లోపు వాళ్లకు ఊరూరా టెస్టులు చేస్తున్నది అందుకే. మెడికల్‌లో పెద్దవాళ్లకు మామూలుగా చేసే రక్తపరీక్షలు హెచ్‌ఐవీ, సిఫిలిస్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సికిల్ కోసం విడిగా వెతకరు. అడిగితే ఉందని చెప్పు, కార్డు చూపించు. వీసా సంగతి పక్కన పెట్టి మీ ఆయనకు కూడా ఆ టెస్టు చేయించు, ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే పుట్టబోయే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది.

ఇక దాచడం. డాక్టర్ పాస్ చేయడం, ఫెయిల్ చేయడం అంటూ ఏమీ ఉండదు, చూసింది చూసినట్టు రాసి ఆన్‌లైన్‌లో పంపుతారు, నిర్ణయం ఇమిగ్రేషన్ వాళ్లది. కానీ కావాలని దాచినట్టు తేలితే అది తప్పుడు సమాచారం కిందికి వస్తుంది, 5 ఏళ్లు అప్లై చేయనివ్వరు, నీతోపాటు మీ ఆయన ఫైలు కూడా మునుగుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడం అంటే ఇదే.

పర్లా కుర్రోడు:

అక్క చెప్పింది కరెక్ట్. ఆ కన్సల్టెంట్‌కి ఈ మాటలు ఎక్కడివో నేను చెప్తా, గల్ఫ్ నుంచి. మా పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు ఇంటికొకడు ఉంటాడు, అందరం గల్ఫ్ మెడికల్ తిన్నవాళ్లమే. పాతవాళ్లు గమ్కా అంటారు, ఇప్పుడు వాఫిద్. అక్కడ ఫిట్, అన్‌ఫిట్, రెండే మాటలు. హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చినా, ఊపిరితిత్తుల్లో పాత మచ్చ కనబడినా కథ కంచికి. మా పిన్ని కొడుక్కి చిన్నప్పటి మచ్చ ఉంది, దగ్గు లేదు, జ్వరం లేదు, మనిషి దున్నపోతులా ఉంటాడు, అయినా అన్‌ఫిట్ కొట్టారు, ఏజెంటుకి కట్టిన డబ్బూ రాలేదు. ఆ భయాన్నే తీసుకొచ్చి ఈయన కెనడా వాళ్లకు అమ్ముతున్నాడు.

ఇంకో మాట విన్నాను, భార్యకైతే ఆ ఖర్చు లెక్కే లేదట కదా? అలాగైతే అక్కకి అసలు టెన్షనే లేదు.

రాయగడ ల్యాబక్క:

అది వేరే దారి తమ్ముడూ. భర్త అప్పటికే అక్కడ పీఆర్‌గానో పౌరుడిగానో ఉండి భార్యని స్పాన్సర్ చేస్తే ఖర్చు లెక్క చూడరు. ఇక్కడ ముగ్గురూ ఒకే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ఫైల్లో వెళ్తున్నారు, కాబట్టి చూస్తారు. చూసినా తనకేమీ కాదు, అది మారదు.

జయపురం డాక్టర్:

అమ్మా, మీరు చివర్లో చిన్న విషయం అని రాసినదే ఇందులో పెద్దది. థైరాయిడ్ గురించి రెండు పేరాలు, టీబీ గురించి రెండు వాక్యాలు రాశారు. నేనైతే తిరగేసి రాసేవాణ్ణి.

టీబీ పూర్తిగా తగ్గినా ఎక్స్‌రేలో మచ్చ మిగలొచ్చు. 11 ఏళ్లు నిండిన అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు కాబట్టి మచ్చ ఉంటే కనబడే తీరుతుంది, పైగా టీబీ వచ్చిందా అని నేరుగా అడుగుతారు కూడా. మచ్చ కనబడితే గల్ఫ్‌లో లాగా ఇంటికి పంపించరు. కళ్లె పరీక్ష మూడు శాంపిళ్లు అడగొచ్చు, అందులో టీబీ క్రిమి పెరుగుతుందేమో చూసే కల్చర్ రిపోర్టుకి 8 వారాల దాకా పడుతుంది. అందులో ఏమీ లేకపోతే ఫైలు ముందుకు కదులుతుంది, కాకపోతే దిగాక 30 రోజుల్లోగా అక్కడి పబ్లిక్ హెల్త్ వాళ్లకు రిపోర్ట్ చేయాలని షరతు పెట్టొచ్చు. అది శిక్ష కాదు, కంగారు పడొద్దు.

పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఏమైనా ఉంటే ప్రాణంగా చూసుకోండి. అప్పటి మచ్చ, ఇప్పటి మచ్చ పక్కపక్కన పెట్టి మారలేదని చూపగలిగితే డాక్టర్ పని చాలా తేలికవుతుంది. ఫిల్మ్ లేకపోతే ఇప్పుడే ఒకటి తీయించి చూసుకోండి, కనీసం ఏం కనబడుతుందో మీకు ముందే తెలుస్తుంది. మందులు ఎక్కడ వాడారో ఆ డీహెచ్‌హెచ్ (జిల్లా పెద్దాసుపత్రి) టీబీ విభాగానికి వెళ్లి, ఏ తేదీన మొదలు, ఏ తేదీన ఆఖరు, ఏయే మందులు, చివర్లో కళ్లె పరీక్ష ఏమొచ్చింది, ఇవన్నీ ఇంగ్లిష్‌లో రాయించుకోండి. నా దగ్గరికి వచ్చేవాళ్లు 'టీబీ తగ్గింది' అని ఒక్క ముక్క రాయించుకుని వస్తారు, దానికి విలువ లేదు. రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు తక్కువ మందులు, ఆ కోర్సు మధ్యలో ఆపలేదని కాగితం చెప్పాలి.

గుణుపురం అమ్మాయి:

డాక్టర్ గారూ, అక్కా, తమ్ముడూ, చాలా థ్యాంక్స్. మాత్ర ఆపడం లేదు. మా వారి టీబీ కార్డు మా మామగారి ట్రంకు పెట్టెలో దొరికింది, ఒడియాలో ఉంది, పైగా పేరు స్కూల్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఇందులో ఒకలా పడింది, ఇంటిపేరును ఒడియా వాళ్లు పలికినట్టు రాసేశారు. ఇదేమైనా సమస్యా? ఇంకా, మెడికల్ ఎప్పుడు చేయించుకోవాలి, అప్లికేషన్ పెట్టాకా ముందా? పాపకి కూడా సూదులు గుచ్చుతారా?

రాయగడ ల్యాబక్క:

ముందే. 2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వాళ్లు మెడికల్ చేయించుకుని, ఆ రుజువు జతచేసే అప్లికేషన్ పెట్టాలి. ఇన్విటేషన్ వచ్చిన రోజు నుంచి మీకు 60 రోజులే టైము, కాబట్టి వారం వర్జ్యం చూసుకుంటూ కూర్చోకండి. పరీక్ష అయ్యాక ఐఎంఈ నంబర్ (మీ ఇమిగ్రేషన్ మెడికల్ నంబర్) ఉన్న కాగితం ఇస్తారు, అప్‌లోడ్ చేయాల్సింది అదే. మామూలు డాక్టర్ దగ్గర చేయిస్తే చెల్లదు, ఇమిగ్రేషన్ సైట్‌లో ప్యానెల్ డాక్టర్ల లిస్టు ఉంటుంది, అందులోంచే తీసుకోవాలి. హైదరాబాద్‌లో చేయించుకునే పనైతే రాయగడలో నాగావళి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేరుగా సికింద్రాబాద్‌లో దిగొచ్చు.

పాపకి ఆరేళ్లే కాబట్టి ఎత్తు, బరువు, మామూలు చెకప్, యూరిన్ టెస్టు. ఎక్స్‌రే ఉండదు, రక్తం కూడా మామూలుగా తీయరు. నీ మటుకు పీరియడ్స్ రోజులు తప్పించి అపాయింట్‌మెంట్ తీసుకో, లేకపోతే యూరిన్‌లో రక్తం కనబడి మళ్లీ రమ్మంటారు, గుణుపురం నుంచి రెండోసారి అంత దూరం ఎవరు తిరుగుతారు.

జయపురం డాక్టర్:

పేరు తేడా గురించి. ఒడియా కార్డుని పడేయకండి, అనువాదం చేయించి అసలుతో కలిపి పెట్టుకోండి. ఇంగ్లిష్ లెటర్ రాయించేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే రాయించి, పాత కార్డులో ఉన్న పేరూ ఈ పేరూ ఒకరివేనని అందులోనే ఒక వాక్యం వేయించండి. కింద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్, స్టాంపు ఉండాలి. స్టాంపు వేసే గుమస్తా మధ్యాహ్నం దాటితే దొరకడు, పొద్దున్నే వెళ్లండి.