ఊరికో ఆర్కెస్ట్రాతో రాక్ టూర్: సంగీతమా, హంగా?

గోదారిగట్టు:
చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. ఒక రాక్ బ్యాండ్ టూర్‌కి బయల్దేరుతుంది. కండక్టర్‌నీ (చేతి సైగలతో ఆర్కెస్ట్రాని నడిపించే మనిషి), ఒకరిద్దరు ముఖ్య వాద్యకారులనీ వెంట తీసుకెళ్తుంది. మిగతా నలభై, యాభై మందిని ఏ ఊరికి వెళ్తే ఆ ఊళ్ళో పెట్టుకుంటుంది. 2019లో బ్రిటిష్ బ్యాండ్ ద హూ చేసిన 'మూవింగ్ ఆన్' టూర్ ఇలాగే నడిచింది. కండక్టర్ కీత్ లెవెన్సన్, వయొలిన్‌కి కేటీ జాకబీ, చెల్లోకి (వయొలిన్ జాతి పెద్ద వాద్యం) ఆడ్రీ స్నైడర్ బ్యాండ్‌తోపాటు తిరిగారు. మిగతావాళ్ళు ఊరూరా మారారు.

నా అభ్యంతరం ఏమిటంటే, ఇలాంటి టూర్లలో రిహార్సల్ మామూలుగా ఆ రోజు మధ్యాహ్నం ఒక్కసారే ఉంటుంది. అదే ఆర్కెస్ట్రా ఒక సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద శాస్త్రీయ రచన) కచేరీకి మూడు, నాలుగు రిహార్సల్స్ చేస్తుంది. ఒక్క పూటలో కుదిరేది ఎంత? అందుకే అరేంజర్లు (పాటని ఆర్కెస్ట్రాకి తగ్గట్టు రాసేవాళ్ళు) ముందుజాగ్రత్తగా తేలికైనవే రాస్తారు. వయొలిన్లు పొడుగాటి స్వరాలు పట్టుకుని కూర్చుంటాయి, బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యాలు) గిటార్ రిఫ్‌నే, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న వరసనే, మళ్ళీ ఊదుతుంది. డ్రమ్స్ మొదలయ్యాక అంతమందీ కనిపిస్తారు గానీ వినిపించరు. పోస్టర్ మీద మాత్రం ఆర్కెస్ట్రా అని పెద్ద అక్షరాలుంటాయి. ఇది ఆర్కెస్ట్రాకి గౌరవమని నాకు అనిపించడం లేదు. మీరంతా ఏమంటారు?

రాత్రిబండి:
సొంత ఆర్కెస్ట్రాని వెంట తిప్పాలని మీ ఉద్దేశమైతే, 1977లో ఎమర్సన్ లేక్ అండ్ పామర్ అనే ముగ్గురి బ్యాండ్ చేసింది అదే. సుమారు 70 మందిని తీసుకుని అమెరికా టూర్‌కి బయల్దేరారు. కొన్ని కచేరీలయ్యేసరికి ఖర్చు తట్టుకోలేక వాళ్ళని పంపించేసి ముగ్గురే టూర్ కొనసాగించారు. మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం లాంటి పెద్ద కచేరీలకే ఆర్కెస్ట్రా మిగిలింది. కాబట్టి ఎంచుకోవాల్సింది ఊరి ఆర్కెస్ట్రాకీ సొంత ఆర్కెస్ట్రాకీ మధ్య కాదండీ. ఊరి ఆర్కెస్ట్రా లేకపోతే అసలు ఆర్కెస్ట్రాయే ఉండదు.

వయొలా_డెన్వర్:
నేను వయొలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద తీగ వాద్యం) వాయిస్తాను. ఇలాంటి కచేరీల్లో ఆ 'మిగతావాళ్ళలో' ఒకదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

గోదారిగట్టు గారూ, ఒక్క రిహార్సల్ అన్నది నిజమే. కానీ మేము స్వరాలు నేర్చుకునేది అక్కడ కాదు. పార్టులు (ఎవరి వాద్యానికి వాళ్ళు వాయించాల్సిన స్వరాల కాగితాలు) ముందే వస్తాయి. కమాను ఎక్కడ తిప్పాలో, వేళ్ళు ఎక్కడ మార్చాలో ఇంట్లోనే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాం. చూడగానే వాయించడం మా వృత్తిలో రోజువారీ పని. బ్యాండ్ ఎక్కడ సాగదీస్తుందో తెలుసుకోవడానికే ఆ మధ్యాహ్నం. గిటార్ సోలో ఈ రాత్రి ఎంతసేపు పోతుందో ఎవరికీ తెలియదు. మా పార్టులో ఆ చోట నాలుగు బార్లకి (తాళంలో ఆవర్తం లాంటి కొలత) రిపీట్ గుర్తులుంటాయి. కండక్టర్ చెయ్యి పైకెత్తేదాకా అవే తిప్పితిప్పి వాయించాలి, చెయ్యి లేచాక అందరం ఒకేసారి తర్వాతి బార్‌లోకి దూకాలి. కళ్ళు కాగితం మీద ఉంటే చెయ్యి కనపడదు, చెయ్యి మీద ఉంటే కాగితం కనపడదు. ఆ క్షణంలో ఉండే టెన్షన్ తేలికైన పని చేసేవాళ్ళకి ఉండేది కాదు.

ఇక మా ఊరు, అమెరికాలోని డెన్వర్ సంగతి. మూడీ బ్లూస్ బ్యాండ్ వాళ్ళు 1967లో 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్' ఆల్బమ్ తెచ్చారు. రాక్, ఆర్కెస్ట్రా కలిసిన తొలి పెద్ద ప్రయోగాల్లో ఒకటిగా అందరూ చెప్పుకునేది అదే. అయితే అందులో బ్యాండ్, ఆర్కెస్ట్రా కలిసి వాయించే చోట్లు చాలా తక్కువ. బ్యాండ్ పాట అయ్యాక ఆర్కెస్ట్రా, అది అయ్యాక మళ్ళీ బ్యాండ్. కవర్ మీద 'లండన్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రా' అని వేశారు గానీ, అది డెక్కా కంపెనీ రికార్డింగ్ కోసం పోగుచేసిన వాద్యకారుల బృందం. ఆ రెండూ ఒకే వేదిక మీద కలిసి మోగింది పాతికేళ్ళ తర్వాత, 1992 సెప్టెంబర్ 9న, డెన్వర్ దగ్గరి మా రెడ్ రాక్స్ ఆరుబయలు రంగస్థలంలో. వాయించింది మా ఊరి ఆర్కెస్ట్రా కొలరాడో సింఫనీ, కండక్టర్ లారీ బేర్డ్. అది కుదిరింది కాబట్టే ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ బ్యాండ్ ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి ఆర్కెస్ట్రాతో టూర్లు చేసింది.

ఆ రాత్రి వాయించిన కొలరాడో సింఫనీ వయసు అప్పటికి మూడేళ్ళు. అంతకుముందున్న డెన్వర్ సింఫనీ 1989లో డబ్బుల్లేక మూతపడింది. అందులోని వాద్యకారులే చేతులు కలిపి కొత్త సంస్థ పెట్టుకున్నారు. జన్మలో సింఫనీ హాలు మెట్లెక్కని వేలమంది ముందు వాళ్ళు కూర్చోగలిగారంటే, నేను దాన్ని హంగు అనలేను.

ఆ స్థలం గురించి ఒక్క మాట. రెడ్ రాక్స్ రెండు పెద్ద ఎర్రరాతి బండల మధ్య ఆరుబయలు. సముద్రమట్టానికి ఆరు వేల అడుగుల పైన. ఆరుబయట కచేరీ అంటే గాలికి కాగితాలు ఎగరకుండా బట్టల క్లిప్పులు పెట్టుకుంటాం. పేజీ తిప్పాలంటే క్లిప్పు తీసి, తిప్పి, మళ్ళీ పెట్టాలి. అదంతా రెండు బార్ల రెస్ట్‌లో (వాయించకుండా ఆగే విరామంలో) అయిపోవాలి. సాయంత్రం చలి మొదలైతే తీగల శ్రుతి జారుతుంది. చాలామంది మంచి వాద్యాన్ని ఇంట్లో పెట్టి రెండోది తెచ్చుకుంటారు.

గోదారిగట్టు:
డెన్వర్ కథ నాకు తెలియదు, చాలా బాగా చెప్పారు. మీ పనితనం మీద నాకు అనుమానమే లేదు. అయితే ఒక సంస్థ బతకాలి కాబట్టి ఈ కచేరీ ఉండాలనడం జమాఖర్చుల మాట. నేనడిగింది మీ ముందు పెట్టిన కాగితంలో ఏముందని.

1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో డీప్ పర్పుల్ బ్యాండ్, రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా కలిసి వాయించినది చూడండి. బ్యాండ్ కీబోర్డ్ వాద్యకారుడు జాన్ లార్డ్ మూడు భాగాల కన్చర్టో (బ్యాండ్, ఆర్కెస్ట్రా మధ్య సంవాదంలా సాగే రచన) రాశాడు. ఆర్కెస్ట్రా ఒకటి చెబితే బ్యాండ్ దానికి ఎదురు చెబుతుంది. కండక్టర్ మాల్కమ్ ఆర్నాల్డ్ స్వయంగా పెద్ద స్వరకర్త, అదే కచేరీలో ఆయన ఆరో సింఫనీ కూడా వాయించారు. తర్వాత ఆ స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ రాసిన ప్రతి) పోయింది. మార్కో డి హూయ్ అనే డచ్ స్వరకర్త రికార్డింగ్ వింటూ, వీడియో చూస్తూ స్వరం స్వరం పట్టుకుని తిరిగి రాశాడు. 1999లో అదే హాల్లో మళ్ళీ మోగింది. అంత కష్టపడి తిరిగి రాయాలని ఒక మనిషికి అనిపించేంత సరుకు అందులో ఉంది. హిట్ పాటల వెనక పరిచిన వయొలిన్ల కోసం ఎవరైనా అంత పని చేస్తారా?

మిక్సర్‌బల్ల:
సౌండ్ పని చేసేవాడిగా 'కనిపిస్తారు గానీ వినిపించరు' అన్నదానికి నా జవాబు. ఒకప్పుడు అది నిజం. వయొలిన్ ముందు స్టాండ్ మైక్ పెడితే అందులో వయొలిన్ కంటే డ్రమ్సే ఎక్కువ పడేవి. ఇప్పుడు ప్రతి వాద్యానికీ చిన్న క్లిప్ మైక్, డ్రమ్స్ ముందు పారదర్శకమైన అడ్డుతెర, బ్యాండ్ చెవుల్లో తమ వాయింపు తమకి వినిపించే ఇయర్ మానిటర్లు. వేదిక మీద రొద బాగా తగ్గింది. ఈ రోజుల్లో ఆర్కెస్ట్రా వినపడకపోతే తప్పు మిక్సింగ్‌ది, లేదా అరేంజ్‌మెంట్‌ది.

చెవులకి ప్రమాదం అనే మాట కూడా వస్తుంది కాబట్టి చెబుతున్నా. లండన్ రాయల్ ఒపేరా హౌస్‌లో 2012లో జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపేరా (పాటలతో నడిచే నాటకం) రిహార్సల్లో, వెనక కూర్చున్న బ్రాస్ ధాటికి ఒక వయొలా వాద్యకారుడి వినికిడి దెబ్బతింది. 2018లో కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. అక్కడ గిటార్ ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పెట్టె) ఒక్కటీ లేదు.

బెజవాడబిట్స్:
2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా గారి సింఫనీని రాయల్ ఫిల్‌హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా వాయించినప్పుడు మనమంతా గర్వపడ్డాం. ఆ ఆర్కెస్ట్రా ఆయన సొంతం కాదు, రాసిచ్చినది చూసి వాయించిన వృత్తి కళాకారులే. అక్కడ లేని అభ్యంతరం రాక్ అనగానే ఎందుకు?

గోదారిగట్టు:
ఆయన ప్రతి వాద్యానికీ పని రాశారు కాబట్టి. నా వాదన కూడా అదే కదండీ.

వయొలా_డెన్వర్:
అయితే మన తగువు ఊరి ఆర్కెస్ట్రాతో కాదు, అరేంజర్‌తో. మీరు మెచ్చిన ఆ డీప్ పర్పుల్ కన్చర్టోనే 2001లో టోక్యోలో న్యూ జపాన్ ఫిల్‌హార్మోనిక్ వాయించింది. మంచి స్కోరు ఏ ఊళ్ళో ఉన్నవాళ్ళ చేతుల్లోనైనా నిలబడుతుంది. ఉత్త పొడుగు స్వరాలు రాస్తే మాకూ విసుగే. ఒక టూర్‌లో వయొలా పార్టు నిండా ఒకే స్వరం చూసి మా పక్క కుర్చీ ఆవిడ ఎంత బాధపడిందో నాకు తెలుసు.

అసలు పోట్లాడాల్సిన విషయం ఇంకొకటుంది. పోస్టర్ మీద ఆర్కెస్ట్రా అని రాస్తారు, కానీ చాలాచోట్ల అది ఆ ఊరి సింఫనీ కాదు. ఒక కాంట్రాక్టర్ ఫోన్లు చేసి ఆ ఒక్క రాత్రికి కూర్చిన ఫ్రీలాన్స్ వాళ్ళం మేము. వేదిక మీద కలిపి మా అందరికీ ఒక చప్పట్ల మోత. పేర్లు ఎక్కడా ఉండవు. బ్యాండ్ వెబ్‌సైట్‌లో ఊరికో పేజీ పెట్టి నలభై పేర్లు వేయడానికి ఎంత ఖర్చు? హంగు అన్న మాట పోవాలంటే ముందు ఆ పని జరగాలి.

కాన్సస్ బ్యాండ్ 2009లో తమ సొంత ఊరు టొపీకాలో, అక్కడి వాష్‌బర్న్ యూనివర్సిటీ విద్యార్థుల ఆర్కెస్ట్రాతో వాయించింది. కండక్టర్ మళ్ళీ లారీ బేర్డే. ఆ బ్యాండ్ పాటల్లో మొదటి నుంచీ వయొలిన్ ఉంది కాబట్టి తీగ వాద్యాలు అందులో చుట్టాల్లా ఉండవు, ఇంటివాళ్ళలా ఉంటాయి. దాని డీవీడీ దొరుకుతుంది. మీరు విని, ఎక్కడెక్కడ ఆర్కెస్ట్రాకి పని లేదనిపించిందో పాటపాటకీ ఇక్కడ రాయండి. నేను స్ట్రింగ్స్ వైపు నుంచి జవాబిస్తాను.

గోదారిగట్టు:
పేర్ల విషయంలో నేను మీ వైపే. డీవీడీ తెప్పిస్తున్నాను. పాటల జాబితాతో వస్తాను.