రిపోర్టు నిండా ఎరుపే, రెండు రోజులుగా నిద్ర లేదు. ఒంట్లో బాగానే ఉన్నవాళ్ళు ఈ పరీక్షలన్నీ చేయించుకోవాలా?

కృష్ణలంక అమ్మాయి

నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పుట్టి పెరిగింది విజయవాడ కృష్ణలంకలో, ఇప్పుడు ఉండేది మియాపూర్‌లో. బ్యాంకులో బ్యాక్ ఆఫీసు ఉద్యోగం. బీపీ లేదు, షుగర్ లేదు, రెండు కాన్పులకు తప్ప ఆస్పత్రి గడప తొక్కలేదు. మా ఆయన ఆఫీసులో కుటుంబాలకు సగం ధరకే హెల్త్ ప్యాకేజీ అంటే ఇద్దరం చేయించుకున్నాం. శనివారం పొద్దున ఆరున్నరకు కుర్రాడు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళాడు. రాత్రికి పద్దెనిమిది పేజీల రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. మా ఆయనది కొలెస్ట్రాల్ ఒక్కటి తప్ప అంతా పచ్చగా ఉంది. నాది తెరిస్తే ఏ పేజీ చూసినా ఎరుపే.

విటమిన్ డి 13. బీ12 172. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.8. థైరాయిడ్ టీఎస్‌హెచ్ 0.08, దాని కింద టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువ. హిమోగ్లోబిన్ 10.4 కూడా ఎరుపులోనే ఉంది కానీ అది పెళ్ళికి ముందు నుంచీ ఉన్నదే. మా అమ్మకూ అంతే. ఆడవాళ్ళకు మామూలే కదా అని దాని గురించి ఆలోచించలేదు.

5.8 చూడగానే గుండె గుభేలుమంది. మా నాన్నకు షుగర్ వల్ల కాలి బొటనవేలు తీసేశారు. రాత్రంతా ఆ కట్టు కట్టిన పాదమే కళ్ళముందు. టీఎస్‌హెచ్ గురించి ఫోన్‌లో వెతికితే ఇంకా భయపెట్టే జబ్బుల పేర్లు కనిపించాయి. ఆదివారం ప్యాకేజీ వాళ్ళు ఫోన్ చేసి ఇంకో నాలుగు వేలు కడితే అడ్వాన్స్‌డ్ పరీక్షలు చేస్తామన్నారు. మా వీధి మెడికల్ షాపులో రిపోర్టు చూపిస్తే విటమిన్ డి 60,000 యూనిట్ల క్యాప్సూల్స్ ఇచ్చి రోజుకొకటి వేసుకోమన్నాడు. ఇంకా మొదలుపెట్టలేదు.

మాది శాకాహారం, గుడ్డు పిల్లలకే. మందులేమీ వాడను. జుట్టు రాలుతోందని ఆరు నెలలుగా రాత్రిపూట బయోటిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను, అంతే. లిఫ్టు పనిచేయనప్పుడు మూడో అంతస్తు ఎక్కితే ఆయాసం వస్తుంది. ఒళ్ళు వచ్చింది కదా, అందుకేమో అనుకుంటున్నా.

వీటిలో దేనికి భయపడాలి? ఏ కష్టమూ లేని మనిషి ఏటా ఇన్ని పరీక్షలు చేయించుకోవడం అవసరమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి, దయచేసి.

గుంటూరు ల్యాబ్ టెక్నీషియన్

అమ్మా, పందొమ్మిదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. డాక్టర్ని కాను, మందుల సంగతి చెప్పను. అంకెల సంగతి చెబుతాను.

మీ ప్రశ్నలో నా కన్ను ముందు పడింది బయోటిన్ మీద. చాలా మెషీన్లలో థైరాయిడ్ పరీక్షకు వాడే రసాయనంలోనే బయోటిన్ ఉంటుంది. మీ రక్తంలో కూడా అది ఎక్కువగా తిరుగుతుంటే లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా వస్తాయి. అచ్చం థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవాళ్ళ రిపోర్టులాగే ఉంటుంది. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. మనిషికి రోజుకు కావలసింది సుమారు 30 మైక్రోగ్రాములు, మీ మాత్రలో ఉన్నది దానికి మూడు వందల రెట్ల పైమాటే. కనీసం రెండు రోజులు, వీలైతే వారం ఆపి, ఆ ఒక్క పరీక్షే మళ్ళీ చేయించండి. రక్తం తీసేవాళ్ళకు ఆ మాత్ర సంగతి చెప్పండి. మేం అడగడం మర్చిపోతాం, మీరు చెప్పడం మర్చిపోతారు. నా దగ్గరే ఒకావిడ రిపోర్టు ఇలా వెళ్ళిపోయింది. ఆవిడ థైరాయిడ్ మందు మొదలుపెట్టబోతుండగా డాక్టరు అనుమానపడి మళ్ళీ పంపారు. అప్పటి నుంచీ రిజిస్టర్‌లో పేరు రాసేటప్పుడే జుట్టు మాత్రలు వాడుతున్నారా అని అడుగుతున్నాను.

5.8 సంగతి. 5.7 నుంచి 6.4 వరకు షుగర్‌కు ముందు దశ అంటారు, నిజమే. కానీ ఇనుము తక్కువై రక్తం తగ్గినవాళ్ళలో ఈ అంకె ఉన్నదానికంటే కాస్త పైకి చూపించవచ్చు. నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి వదిలేయమని అనను. పరగడుపు షుగర్ విడిగా చేయించండి. 100 లోపు ఉంటే సరే, 126, ఆపైన ఉంటేనే షుగర్ అని అనుమానించి మళ్ళీ చూస్తారు. దానికి బూడిదరంగు మూత ట్యూబులోనే రక్తం తీయాలి. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. మామూలు ట్యూబులో తీసి బైకు మీద ఊరంతా తిప్పితే రక్తకణాలే ఆ చక్కెరను తినేస్తాయి, గంటకు ఐదారు శాతం తగ్గిపోతుంది.

ఎరుపు గీతల గురించి కూడా ఒక మాట. ఆరోగ్యంగా ఉన్న నూరు మందిలో మధ్యనున్న 95 మంది అంకెల్ని బట్టే చాలా పరీక్షలకు నార్మల్ అని అచ్చు వేస్తారు. అంటే ఏ జబ్బూ లేని ఐదుగురికి కూడా ఎరుపే వస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు కలిపి చేస్తే కనీసం ఒక్కటైనా గీత దాటే అవకాశం 64 శాతం. ఎనభై పరీక్షల ప్యాకేజీలో అంతా పచ్చగా రావడమే అరుదు.

హిమోగ్లోబిన్ పక్కన ఎంసీవీ అని ఉంటుంది, ఎర్రకణాల సైజు అది. అది ఎంతో చెప్పండి.

కృష్ణలంక అమ్మాయి

74 అని ఉంది. అది కూడా ఎరుపే. బయోటిన్ రాత్రి నుంచే ఆపేశాను. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదండీ.

వరంగల్ కోడలు

అక్కా, ఆ క్యాప్సూల్ రోజూ వేసుకోకండి. ఈ ఒక్క మాట చెప్పడానికే రాస్తున్నాను.

మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. విటమిన్ డి తక్కువ ఉందని డాక్టరు 60,000 క్యాప్సూల్ వారానికొకటి, ఎనిమిది వారాలు రాశారు. చీటీ ఇంట్లో ఎక్కడో పోయింది. షాపులో అడిగితే రోజూ వేసుకోవచ్చన్నారట. రెండున్నర నెలలు రోజూ పాలతో వేసుకుంది. మొదట మలబద్ధకం, తర్వాత ఏం తిన్నా వాంతి. రాత్రి నాలుగైదు సార్లు లేచి చెంబు చెంబు నీళ్ళు తాగేది. షుగర్ వచ్చిందేమో అనుకున్నాం. ఒకరోజు నన్ను పట్టుకుని, ఎవరమ్మా నువ్వు అని అడిగింది. ఆ రోజే ఆస్పత్రిలో చేర్చాం. కాల్షియం 13 దాటింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగింది. సెలైన్లు ఎక్కించి తగ్గించారు. ఈ విటమిన్ కొవ్వులో దాగి ఉంటుంది, మాత్ర ఆపినా వెంటనే పోదు అన్నారు. అంతా మామూలు కావడానికి మూడు నెలలు పట్టింది.

విటమినే కదా, ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకునేవాళ్ళం మేము.

లెస్టర్ తెలుగువాడు

ఇంగ్లండులో పద్ధతి చెబుతాను, పనికొస్తుందేమో. ఇక్కడ 40 నుంచి 74 ఏళ్ళ మధ్య, గుండెజబ్బు, షుగర్ లాంటివి లేనివాళ్ళను ఐదేళ్ళకోసారి హెల్త్ చెక్‌కు పిలుస్తారు. బీపీ, కొలెస్ట్రాల్, బరువు, అవసరమైతే షుగర్. విటమిన్ పరీక్ష చేయమని నేనడిగితే, లక్షణాలేమిటి అని అడిగారు. ఏమీ లేవంటే చలికాలం రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్ల డి మాత్ర వేసుకోమని పంపేశారు. 2024లో అమెరికాలోని హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ కూడా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు విటమిన్ డి స్థాయి ఊరికే పరీక్షించవద్దనే చెప్పింది. నాకైతే ఈ ప్యాకేజీలన్నీ దండగ అనిపిస్తుంది.

నల్గొండ నర్సక్క

తమ్మీ, నువ్వన్నదాంట్లో విటమిన్ డి వరకు ఒప్పుకుంటాను. కానీ బీ12 సంగతి మన దగ్గర వేరు. గుడ్డు కూడా ముట్టని ఇళ్ళలో అది తక్కువ ఉండటం నేను రోజూ చూస్తాను. ఏళ్ళ తరబడి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో, గ్యాస్ మాత్ర మానకుండా వేసేవాళ్ళలో కూడా తగ్గుతుంది. అరికాళ్ళు మొద్దుబారేదాకా ఆగితే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. 172 అంటే 200 కంటే తక్కువే, దానికి మందు పడాల్సిందే.

చెల్లె, ఇప్పుడు నీతో మాట్లాడతాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. నువ్వు రాసిన వాటిలో నన్ను కదిలించింది నువ్వు వదిలేసిన అంకె. 10.4.

కడుపుతో లేని ఆడమనిషికి 12 ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా ఉన్నాం కాబట్టే మామూలు అనిపిస్తుంది. మామూలు కాదు చెల్లె. ఆ ఆయాసం ఒళ్ళు రావడం వల్లే కాకపోవచ్చు. జుట్టు రాలడం కూడా దీనివల్లే కావచ్చు. రక్తం తక్కువై జుట్టు రాలితే, జుట్టుకని వేసిన మాత్ర థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేసి నీకు రెండు రాత్రుల నిద్ర లేకుండా చేసిందన్నమాట.

ఎంసీవీ 74 అంటే కణాలు చిన్నగా ఉన్నాయి. ఎక్కువగా ఇనుము లోపమే అయ్యుంటుంది. ఫెరిటిన్ అనే ఒక్క పరీక్ష చేయించు, ఇనుము నిల్వ తేలిపోతుంది. నెలసరి సంగతి డాక్టరమ్మకు దాచకుండా చెప్పు. రెండో రోజు ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడతాయా, రాత్రి లేచి మార్చుకుంటావా. మన ఆడవాళ్ళు ఇవి అడిగితే తప్ప చెప్పరు, అడిగినా అందరికీ ఉన్నట్టే అంటారు. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంటైనా ఆగు, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకో.

ఏ పరీక్షలు అవసరం అని అడిగావు కదా. ముప్పై దాటినవాళ్ళకు బీపీ, షుగర్, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ల పరీక్ష సర్కారు దవాఖానల్లోనే పైసా లేకుండా చేసే కార్యక్రమం ఉంది. నీ ప్యాకేజీ పద్దెనిమిది పేజీల్లో ఆ ముఖద్వారం పరీక్ష ఉందా? ఉండదు. అది ఇంటికొచ్చి తీసే రక్తంలో దొరికేది కాదు.

గుంటూరు ల్యాబ్ టెక్నీషియన్

అక్క చెప్పినదానికి నేను కలిపేది తక్కువ. విటమిన్ డి దగ్గర మా రిపోర్టుల్లో 30 లోపుంటే చాలదని అచ్చు ఉంటుంది. అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో 20 ఉంటే దాదాపు అందరికీ చాలునంది. కాబట్టి 24, 26 వచ్చినవాళ్ళు కంగారు పడొద్దు. 13 మాత్రం తక్కువే, మోతాదు డాక్టర్నే అడగండి.

కృష్ణలంక అమ్మాయి

మూడు వారాలైంది. మీ అందరికీ చెప్పాలని వచ్చాను.

బయోటిన్ ఆపిన పదో రోజు టీఎస్‌హెచ్ 2.1. టీ4 కూడా సరిగ్గా ఉంది. పరగడుపు షుగర్ 91, రక్తం మెరుగయ్యాక హెచ్‌బీఏ1సీ మళ్ళీ చూద్దామన్నారు. ఫెరిటిన్ 6.

డాక్టరమ్మ రిపోర్టు చదివి పక్కన పెట్టేసి, నర్సక్క అడిగినవే అడిగారు. రెండో రోజు గంటన్నరకొక ప్యాడ్ మారుస్తానని, మంచం మీద పాత చీర మడతపెట్టి పరుచుకుంటానని చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి అన్నారు. చిన్నవాడు పుట్టినప్పటి నుంచి అన్నాను. వాడికిప్పుడు ఏడేళ్ళు. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. స్కానింగ్‌లో గర్భాశయంలో నాలుగు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ ఉంది. ప్రస్తుతానికి మందులతో చూద్దామన్నారు. ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, బీ12 మాత్ర రోజూ, డి క్యాప్సూల్ వారానికొకటి, ఎనిమిది వారాలే. గర్భాశయ ముఖద్వారం పరీక్ష కూడా అప్పుడే అయిపోయింది.

అమ్మ గురించి రాశాను కదా, తనకూ అంతేనని. నెలసరి ఆగిపోయి పన్నెండేళ్ళయింది, ఇంకా ఎందుకు తక్కువుండాలి అని డాక్టరమ్మ అడిగారు. బుధవారం విజయవాడలో చేయిస్తే అమ్మ హిమోగ్లోబిన్ 8.7 వచ్చింది. ఫోన్‌లో అమ్మ, ఏం కాదులేవే, నాకెప్పుడూ ఉండేదేగా అంటోంది. శనివారం శాతవాహనకు టికెట్ తీశాను. సోమవారం అపాయింట్‌మెంట్.

నల్గొండ నర్సక్క

అమ్మ వయసుకు రక్తం ఎక్కడ పోతోందో చూడాలి చెల్లె, కడుపు, పేగులు కూడా. మలం నల్లగా వస్తోందా, నొప్పి మాత్రలు వాడుతోందా అని రైలు దిగగానే అడుగు. ఆమె వాడే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకురమ్మను.